మార్స్ చుట్టూ ఆరెస్ కొడుకులు: గ్రహాల పేర్లలో దాగిన రోమన్, గ్రీకు దేవతలు

బడి గోడ మీద వేలాడే సౌరకుటుంబం పటాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. సూర్యుడి నుంచి నాలుగో గ్రహం అంగారకుడు. ఇంగ్లీషులో మార్స్. అది రోమన్ల యుద్ధదేవుడి పేరు. దాని చుట్టూ తిరిగే రెండు చిన్న ఉపగ్రహాలు ఫోబోస్, డీమోస్. ఇవి మాత్రం గ్రీకు పేర్లు. గ్రీకుల యుద్ధదేవుడు ఆరెస్ కొడుకుల పేర్లివి. మొదటి దానికి భయమని, రెండో దానికి హడలని అర్థం. మరి మార్స్ చుట్టూ ఆరెస్ కొడుకులు ఎందుకు తిరుగుతున్నారు?

పక్క గ్రహానికి వెళ్లినా అదే తంతు. జూపిటర్ రోమన్ పేరు. దాని పెద్ద ఉపగ్రహాలు ఐయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో గ్రీకు కథల్లోని మనుషులు. సాటర్న్ రోమన్ పేరు, దాని ఉపగ్రహాలు టైటన్, రియా గ్రీకు పేర్లు. యురేనస్ దగ్గరికి వచ్చేసరికి గ్రహం పేరే గ్రీకైపోయింది. దాని ఉపగ్రహాల్లో చాలావాటికి షేక్స్‌పియర్ నాటకాల్లోని పాత్రల పేర్లు పెట్టారు.

క్విజ్ పోటీలకు సిద్ధమయ్యే పిల్లలు "జూపిటర్ అంటే జ్యూస్, మార్స్ అంటే ఆరెస్" అని పట్టిక బట్టీ పడతారు. ఆ పట్టిక ఉపయోగమైనదే. కానీ అందులోని సమానం గుర్తు గణితంలో రాసే సమానం గుర్తు లాంటిది కాదు. ఇది రెండు భాషల నిఘంటువులో ఎదురెదురుగా ఉండే మాటల మధ్య సంబంధం లాంటిది. ఈ తేడా తెలిస్తే గ్రహాల పేర్లే కాదు, మన వారాల పేర్లు, కొన్ని మూలకాల పేర్లు కూడా కొత్తగా కనిపిస్తాయి.

ముందుగా పట్టిక

రోమన్ పేరు ముందు, గ్రీకు పేరు తర్వాత:

జూపిటర్, జ్యూస్: ఆకాశానికి, పిడుగుకు అధిపతి, దేవతల రాజు
జూనో, హీరా: దేవతల రాణి
నెప్ట్యూన్, పోసిడాన్: సముద్రదేవుడు
ప్లూటో, హేడిస్: పాతాళానికి రాజు
మార్స్, ఆరెస్: యుద్ధదేవుడు
వీనస్, ఆఫ్రొడైటీ: ప్రేమకు, అందానికి దేవత
మెర్క్యురీ, హెర్మెస్: దేవతల దూత, వర్తకుల దేవుడు
సాటర్న్, క్రోనస్: జూపిటర్ తండ్రి
సెరెస్, డిమీటర్: పంటల దేవత
వెస్టా, హెస్టియా: పొయ్యిలోని నిప్పుకు దేవత
మినర్వా, ఎథీనా: వివేకానికి, చేతిపనులకు దేవత
డయానా, ఆర్టెమిస్: వేటకు దేవత
అపోలో, అపోలో: ఇద్దరికీ ఒకే పేరు

చివరి వరుస చూడండి. రోమన్లకు అపోలోకు తగ్గ సొంత దేవుడు దొరకలేదు. అందుకే గ్రీకు దేవుణ్ణి పేరుతో సహా తెచ్చుకుని, క్రీ.పూ. 431లో ఆయనకు గుడి కట్టారు. మరోవైపు రోమన్ల గుమ్మాల దేవుడు జేనస్‌కు గ్రీకుల్లో జోడీయే లేడు. జనవరి నెలకు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. రెండు భాషలు నేర్చుకునేవారికి ఇది కొత్తేమీ కాదు. కొన్ని మాటలకు సరైన మాట దొరుకుతుంది, కొన్నింటికి దగ్గరి మాట దొరుకుతుంది, కొన్నింటిని అలాగే ఉంచేయాల్సి వస్తుంది.

దేవతలను అనువదించడం

ఎదుటివారి దేవుళ్లను తమ దేవుళ్ల పేర్లతో పిలవడం పాత ప్రపంచంలో మామూలే. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ ఈజిప్టువాళ్ల అమున్‌ను జ్యూస్ అన్నాడు. గాల్ ప్రజలు అందరికంటే ఎక్కువగా మెర్క్యురీని కొలుస్తారని జూలియస్ సీజర్ రాశాడు. వాళ్ల భాషలో ఆ దేవుడి పేరేమిటో మాత్రం చెప్పలేదు.

రోమన్లకు గ్రీకులు ఇరుగుపొరుగువారే. క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచే దక్షిణ ఇటలీలో గ్రీకుల ఊళ్లు ఉన్నాయి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో లివియస్ ఆండ్రోనికస్ గ్రీకు ఇతిహాసం ఒడిస్సీని లాటిన్‌లోకి తెచ్చాడు. గ్రీకు కళాదేవత మ్యూజ్ బదులు ఆయన రోమన్ల ఊటల దేవత కమీనా పేరు వాడాడు. క్రీ.పూ. 217లో హన్నిబాల్ చేతిలో ఘోరంగా ఓడిపోయాక, దేవతల ఆగ్రహం తగ్గించడానికి రోమ్ నగరం 12 మంది దేవతలను ఆరు జంటలుగా కూర్చోబెట్టి విందు చేసింది. పేర్లు రోమన్‌వే అయినా, పన్నెండుమందిని ఇలా జతకట్టిన తీరు మాత్రం గ్రీకులది.

సమానం గుర్తు ఎక్కడ బెసుకుతుంది?

ఆరెస్‌నే తీసుకుందాం. గ్రీకులకు ఆయన మీద పెద్దగా గౌరవం లేదు. దేవతలందరిలో నువ్వంటేనే నాకు గిట్టదని ఇలియడ్‌లో జ్యూస్ ఆయన మొహం మీదే అంటాడు. రోమ్‌లో మార్స్ పరిస్థితి పూర్తిగా వేరు. రోమ్ నగరాన్ని కట్టిన రోములస్‌కు ఆయనే తండ్రి అని వారి నమ్మకం. పొలాన్ని తెగుళ్ల నుంచి కాపాడమని రైతులు ఆయన్నే వేడుకునేవారు. మార్చి నెల పేరు ఆయనదే. పాత రోమన్ సంవత్సరం ఆ నెలతోనే మొదలయ్యేది.

సాటర్న్, క్రోనస్‌ల మధ్య దూరం ఇంకా ఎక్కువ. క్రోనస్ కన్నబిడ్డల్నే మింగిన తండ్రి. సాటర్న్ విత్తులు నాటడంతో ముడిపడిన దేవుడు. డిసెంబరులో జరిగే ఆయన పండుగలో బానిసలకు యజమానులే వడ్డించేవారు. పైగా క్రోనస్ పేరుకు, కాలం అనే అర్థమున్న 'క్రొనోస్' అనే మరో గ్రీకు మాటకు ఉచ్చారణ దగ్గరగా ఉంది. అందుకే పాతకాలంలోనే ఇద్దరినీ కలిపేశారు. చేతిలో కొడవలి పట్టుకున్న ముసలి 'కాలపురుషుడి' బొమ్మ ఆ గందరగోళంలోంచి పుట్టిందే.

ఈ మొత్తం పట్టికలో పేర్లకు కూడా చుట్టరికం ఉన్న జంట జూపిటర్, జ్యూస్. రెండూ 'వెలిగే ఆకాశం' అనే ఒకే ప్రాచీన ధాతువు నుంచి వచ్చాయి. జూపిటర్‌లోని 'పిటర్' అంటే తండ్రి. ఋగ్వేదంలోని 'ద్యౌః పితర్' కూడా ఆ కుటుంబంలోనిదే. అయితే చిత్రం చూడండి. మనం ఆ గ్రహానికి ద్యౌః పేరు పెట్టలేదు, దేవతల గురువు బృహస్పతి పేరు పెట్టాం. పేరుకు ఒక దారి, గ్రహానికి మరో దారి!

మారని గుర్తు ఆకాశంలో ఉంది

కంటికి కనిపించే ఐదు గ్రహాలకు దేవతల పేర్లు పెట్టడం గ్రీకులు కనిపెట్టింది కాదు. వాళ్ల కంటే ముందే బాబిలోనియా పరిశీలకులు గ్రహాల కదలికలను మట్టి పలకల మీద రాసుకున్నారు. వారికి బృహస్పతి మార్దూక్ గ్రహం, శుక్రుడు ఇష్తార్ గ్రహం, అంగారకుడు నెర్గాల్ గ్రహం, బుధుడు నబూ గ్రహం, శని నినుర్తా గ్రహం. గ్రీకులు ఈ పద్ధతిని అందుకుని, తమ దేవతల్లో దగ్గరివారిని ఎంచుకున్నారు. మార్దూక్ జ్యూస్ అయ్యాడు, ఇష్తార్ ఆఫ్రొడైటీ అయింది, నెర్గాల్ ఆరెస్ అయ్యాడు. ఆ తర్వాత రోమన్లు జ్యూస్‌ను జూపిటర్ చేశారు. ఒకే చుక్క మూడు పేర్లు మార్చుకుంది. దాని కాంతి, రంగు, వేగం మాత్రం మారలేదు.

ఈ ప్రయాణం తూర్పుకూ సాగింది. క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో గ్రీకు జ్యోతిష విద్య సంస్కృతంలోకి వచ్చింది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు తన బృహజ్జాతకంలో గ్రహాలకు పర్యాయపదాలు ఇస్తూ సూర్యుణ్ణి 'హేలి' అని, కుజుణ్ణి 'ఆర' అని, శుక్రుణ్ణి 'ఆస్ఫుజిత్' అని, శనిని 'కోణ' అని అంటాడు. గ్రీకు పేర్లు హీలియోస్, ఆరెస్, ఆఫ్రొడైటీ, క్రోనస్ పక్కన పెట్టి చదివితే సంగతి మీకే తెలుస్తుంది. రోమ్‌లో అనువాదమైన దేవతలు ఉజ్జయినిలో పేర్లతో సహా దిగారు!

పంచాంగంలో కనిపించే 'హోర' కూడా గంట అనే అర్థమున్న గ్రీకు మాటే. వారాల వరుస దాని మీదే ఆధారపడింది. ఆకాశంలో నెమ్మదిగా కదిలేదాని నుంచి వేగంగా కదిలేదాని వరకు ఇలా రాయండి: శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రోజులో ఒక్కో గంటకు వరుసగా ఒక్కొక్కరు అధిపతి. మొదటి గంటకు ఎవరు అధిపతో ఆ రోజుకు ఆ పేరు. శనివారం మొదటి గంట శనిది. ఏడుగురి వరుస మూడుసార్లు తిరిగితే 21 గంటలు. మిగిలిన మూడు గంటలు శని, గురుడు, కుజులవి. మర్నాటి మొదటి గంట సూర్యుడిది కాబట్టి అది ఆదివారం. అక్కడి నుంచి మళ్లీ నాలుగోవాణ్ణి లెక్కిస్తే చంద్రుడు, సోమవారం. మిగతా రోజులు మీరే లెక్కవేసి చూడండి.

అందుకే తెలుగులో మంగళవారం, ఫ్రెంచిలో 'మార్ది' ఒకే గ్రహం రోజు. మన బుధవారం ఫ్రెంచివారికి మెర్క్యురీ రోజు. ఇంగ్లీషువాళ్లు మరో మెట్టు వేసి తమ దేవతలను తెచ్చారు. జూపిటర్ బదులు పిడుగుల దేవుడు థోర్‌ను పెట్టుకుంటే గురువారం 'థర్స్‌డే' అయింది. మధ్యప్రదేశ్‌లోని ఎరాన్‌లో బుధగుప్తుడి కాలంనాటి స్తంభశాసనం క్రీ.శ. 484 నాటిది. మన దేశంలో వారం పేరు రాసిన అతి పాత శాసనాల్లో అది ఒకటి. అందులో ఉన్నది గురువారమే.

రంగు గ్రహానిది, కోపం ఎవరిది?

గ్రీకులకు గ్రహాల విషయంలో దేవతలతో పనిలేని మరో పేర్ల వరుస కూడా ఉంది. అందులో అంగారకుడి పేరు పైరోయిస్, అంటే మండుతున్నది. మన 'అంగారకం' అన్నా నిప్పుకణికే. రెండూ చూసి పెట్టిన పేర్లు. అంగారకుడి నేల ఎరుపుకు కారణం అక్కడి దుమ్ములోని ఐరన్ ఆక్సైడ్లు. సులువుగా చెప్పాలంటే తుప్పు. ఆ ఎరుపును చూసి రక్తాన్ని, రక్తాన్ని చూసి యుద్ధాన్ని తలచుకున్నది మనుషులే.

శని సంగతీ అంతే. 'శనైశ్చరుడు' అంటే మెల్లగా నడిచేవాడు. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి శనికి దాదాపు 29.5 ఏళ్లు పడుతుంది. దాన్ని 12 రాశులకు పంచితే ఒక్కో రాశికి సుమారు రెండున్నర ఏళ్లు, మూడు రాశులకు ఏడున్నర. మన ఇళ్లలో భయం భయంగా చెప్పుకునే 'ఏలినాటి శని' లెక్క ఇదే. ఏడున్నర అనే అంకె చక్కని పరిశీలన ఫలితం. దానికి తగిలించిన కష్టాలు మాత్రం ఏ దుర్భిణికీ కనిపించవు.

పేరుతో పాటు దేవుడి స్వభావాన్ని కూడా గ్రహానికి అంటగట్టడంతోనే చిక్కు మొదలవుతుంది. కుజదోషం పేరుతో నేటికీ పెళ్లి సంబంధాలు తప్పిపోతున్నాయి. అదే గ్రహాన్ని రోమన్ రైతు తన పొలం కాపాడే దేవుడి పేరుతో పిలిచాడు, గ్రీకులు ఎవరికీ గిట్టని దేవుడి పేరుతో పిలిచారు. శుక్రుడు మనకు అసురుల గురువు, వాళ్లకు ప్రేమదేవత. గ్రహానికి నిజంగా ఒక స్వభావం ఉంటే, అది ఊరు మారినప్పుడల్లా మారకూడదు కదా! 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరిన మంగళ్‌యాన్ ఐదు పరికరాలతో ఆ గ్రహం వాతావరణాన్ని, ఉపరితలాన్ని పరిశీలించింది. ఆ పరిశీలనలకు గ్రహం పేరు మార్స్ అయినా, ఆరెస్ అయినా, మంగళుడైనా తేడా లేదు.

దుర్భిణి తెచ్చిన కొత్త అతిథులు

గెలీలియో 1610 జనవరిలో జూపిటర్ చుట్టూ నాలుగు ఉపగ్రహాలను చూశాడు. వాటికి ఇప్పుడున్న పేర్లు పెట్టింది జర్మనీకి చెందిన సైమన్ మారియస్. 1614లో అచ్చయిన తన పుస్తకంలో, కెప్లర్ ఇచ్చిన సలహా మేరకు, జ్యూస్ మోజుపడిన నలుగురి పేర్లు వాడాడు. జూపిటర్ సొంత రోమన్ కథలు తక్కువ. కథలన్నీ గ్రీకుల దగ్గరే ఉన్నాయి. గ్రహాలకు లాటిన్ పేర్లు, ఉపగ్రహాలకు గ్రీకు కథలు ఉండటానికి అసలు కారణం ఇదే. ఐరోపా పండితుల భాష లాటిన్. వారికి పురాణాల గని గ్రీసు. 1847లో జాన్ హెర్షెల్ సాటర్న్ ఉపగ్రహాలకు క్రోనస్ కాలంనాటి టైటన్ల పేర్లు సూచించాడు. 1877లో అసాఫ్ హాల్ మార్స్ ఉపగ్రహాలను కనుగొన్నప్పుడు, ఇలియడ్ చదివిన హెన్రీ మదన్ అనే ఇంగ్లండు ఉపాధ్యాయుడు ఫోబోస్, డీమోస్ పేర్లు సూచించాడు.

1781 మార్చి 13న విలియం హెర్షెల్ కొత్త గ్రహాన్ని కనుగొన్నప్పుడు దానికి ఇంగ్లండు రాజు జార్జి పేరు పెట్టాలనుకున్నాడు. జర్మనీ ఖగోళవేత్త యోహాన్ బోడె ఒక వరుస చూపించాడు. మార్స్ తండ్రి జూపిటర్, జూపిటర్ తండ్రి సాటర్న్, కాబట్టి తర్వాతి గ్రహానికి సాటర్న్ తండ్రి పేరు ఉండాలన్నాడు. ఆయన ఎంచుకున్నది గ్రీకు ఆకాశదేవుడు యురేనస్. పద్ధతి ప్రకారమైతే రోమన్ పేరు 'కీలస్' పెట్టాలి. అందుకే ఎనిమిది గ్రహాల్లో గ్రీకు దేవుడి పేరున్నది ఇదొక్కటే.

ఒకే దేవత, రెండు రాళ్లు

పట్టికలోని సమానం గుర్తు అచ్చమైనదే అయితే జూనో పేరు ఒక రాయికి పెట్టాక, హీరా పేరు మరో రాయికి పెట్టకూడదు. కానీ ఖగోళవేత్తలు ఆ పని చేశారు. గ్రహశకలాల జాబితాలో జూనో మూడోది, 1804లో దొరికింది. హీరా 103వది, 1868లో దొరికింది. వెస్టా నాలుగోదైతే, ఆమె గ్రీకు జోడీ హెస్టియా 46వది. కథల్లో ఒకరే అనుకున్నవారు ఆకాశంలో వేర్వేరు కక్ష్యల్లో తిరుగుతున్నారు.

హెస్టియాను 1857లో ఆక్స్‌ఫర్డ్‌లో కనుగొన్నది నార్మన్ పాగ్సన్. తర్వాత ఆయన మద్రాసు వేధశాలకు వచ్చి, 1861లో ఇక్కడి నుంచి ఒక గ్రహశకలాన్ని కనుగొని దానికి 'ఆసియా' అని పేరు పెట్టాడు. 1866లో మద్రాసులోనే ఆయనకు దొరికిన మరో శకలానికి 'సిల్వియా' అని పేరు పెట్టాడు. రోమన్ కథలో రియా సిల్వియా మార్స్ వల్ల రోములస్, రీమస్ అనే కవలలను కన్న తల్లి. 2001లో ఒకటి, 2004లో మరొకటి, సిల్వియా చుట్టూ తిరిగే రెండు బుల్లి ఉపగ్రహాలు కనిపించాయి. వాటికి పెట్టిన పేర్లు రోములస్, రీమస్! మద్రాసులో మొదలైన కథలో తల్లి దగ్గరికి పిల్లలు చేరడానికి 135 ఏళ్లకు పైగా పట్టింది.

గుంటూరు ఆకాశంలో హీలియోస్

ఈ పేర్లు ఆకాశం నుంచి ప్రయోగశాలకూ దిగాయి. 1789లో క్లాప్రోత్ కొత్త మూలకానికి, అప్పటికి ఎనిమిదేళ్ల కిందటే దొరికిన గ్రహం పేరు మీద యురేనియం అని పేరు పెట్టాడు. తర్వాతి మూలకాలు కూడా గ్రహాల వరుసలోనే నెప్ట్యూనియం, ప్లుటోనియం అయ్యాయి. టెలూరియం పేరు రోమన్ల భూదేవి టెల్లస్‌ది. 1817లో దాన్ని పోలిన మూలకం దొరికితే బెర్జీలియస్ గ్రీకుల చంద్రదేవత సెలీనీ పేరుతో సెలీనియం అన్నాడు. భూమి రోమ్ నుంచి, చంద్రుడు గ్రీసు నుంచి!

హీలియం కథలో మన ఊరు ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్స్ శాస్త్రవేత్త పియరీ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూశారు. ఆ కాంతిలోని పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత తేలింది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఆ తెలియని మూలకానికి గ్రీకు సూర్యదేవుడు హీలియోస్ పేరుతో హీలియం అని పేరు పెట్టాడు. అది లోహమనుకుని చివర 'ఇయం' తగిలించారు. 1895లో రామ్సే భూమ్మీద దాన్ని పట్టుకునేసరికి అది వాయువని తేలింది. పేరులో తప్పు అలాగే మిగిలిపోయింది, గీత మాత్రం నిజం.

మొదటి ప్రశ్నకు జవాబు

నేటి గ్రీసులో బడి గోడ మీది పటంలో మార్స్, జూపిటర్, నెప్ట్యూన్ ఉండవు. ఆరిస్, దియాస్, పొసిదోనాస్ ఉంటారు. అక్కడ ఫోబోస్, డీమోస్ తండ్రి చుట్టూనే తిరుగుతున్నారు. మన దేశంలో హిందీ పుస్తకాలు నెప్ట్యూన్‌ను 'వరుణ్' అంటాయి. సముద్రదేవుడికి సముద్రదేవుణ్ణి జతచేసిన ఆ పద్ధతి లివియస్ ఆండ్రోనికస్ నాటిదే.

మీ ఇంట్లో పిల్లలు ఈసారి ఆ పట్టిక బట్టీ పడుతుంటే ఒక పని చేయండి. సాయంత్రమో, తెల్లవారుజామునో గ్రహాలు కనిపించే రోజు చూసుకుని మేడ మీదికి తీసుకెళ్లండి. మినుకుమనకుండా వెలిగే ఎర్రటి చుక్కను చూపించి, దానికి ఎన్ని పేర్లున్నాయో చెప్పించండి. మార్స్, ఆరెస్, నెర్గాల్, పైరోయిస్, ఆర, కుజుడు, అంగారకుడు, మంగళుడు. పేర్లన్నీ అయ్యాక, ఆ చుక్క ఎందుకు ఎర్రగా ఉందో అడగండి. ఆ ప్రశ్నకు ఏ భాషలోనైనా జవాబు ఒక్కటే.